ఓన్లీ అనే మాట, ఏ అనే అక్షరం

సాయంత్రం ట్యూషన్లో ఏడో తరగతి కుర్రాణ్ణి "వేర్ ఈజ్ యువర్ నోట్‌బుక్?" అని అడిగాను. వెనక వరసలోంచి లేచి, సంచీ ఎత్తి చూపిస్తూ "హియర్ ఓన్లీ సార్" అన్నాడు. నోట్సు నిజంగానే అక్కడే ఉంది. కుర్రాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు, తడబాటూ లేదు. ఆ మాటను ఒక్కసారి ఇంటి తెలుగులోకి తిప్పి చూడండి: ఇక్కడేనండి. హియర్ అంటే ఇక్కడ, ఓన్లీ అంటే ఏ, సార్ అంటే అండి. మూడు ముక్కలూ వరస చెదరకుండా వచ్చి కూర్చున్నాయి. గోదావరి గట్టు మీద పుట్టిన పిల్లాడు తన నోటికి అలవాటైన "ఏనండి"ని ఇంగ్లీషులో కట్టుకున్నాడు.

ఇది కోరుకొండ సంగతి. సైనిక్ స్కూలున్న కోరుకొండ వేరు, అది విజయనగరం పక్కన. 1962లో అక్కడ ఆ స్కూలు వచ్చాక ఊరి పేరు చెబితే బయటివాళ్లకు అదే గుర్తొస్తోంది. నేను చెబుతున్నది లక్ష్మీనరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ, రాజమండ్రిలో గోకవరం బస్టాండు దగ్గర బస్సెక్కితే దారిలో తగిలే మండల కేంద్రం. ఇక్కడ ఏళ్ల తరబడి పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ వచ్చాను. మూడో తరగతి పిల్లలూ ఉన్నారు, డిగ్రీ అయి ఐఈఎల్‌టీఎస్ రాస్తామని వచ్చినవాళ్లూ ఉన్నారు. అన్ని మెట్ల మీదా నాకు ఎదురైన మాట ఒకటుంది, అది ఓన్లీ. చిన్న మాట కాబట్టి పాఠ్యపుస్తకం దానికో పేజీ ఇవ్వదు, మనమూ ఆగి చెప్పం. పిల్లలు మాత్రం రోజుకు పదిసార్లు వాడతారు. ఈ మాట గురించి మన వ్యాకరణాలు ఏం చెప్పాయి, వాళ్ల వ్యాకరణాలు ఏం చెప్పాయి, ఏ తరగతిలో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ఒకచోట పెట్టి చూద్దామని ఈ వ్యాసం.

ముందు మన ఏ సంగతి. మాట చివర తగిలే ఈ ఏకారాన్ని వ్యాకరణంలో అవధారణం అంటారు. తెలుగు నేర్చుకోడానికి దొరలు రాసుకున్న వ్యాకరణాల్లోనూ ఇది ఉంది, సి.పి. బ్రౌన్ 1840 నాటి వ్యాకరణం దగ్గర మొదలుపెట్టి, ఆర్డెన్ 1873లో వేసిన వ్యాకరణం మీదుగా, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో అచ్చువేసిన ఆధునిక తెలుగు వ్యాకరణం దాకా ఈ ఏకారాన్ని పట్టించుకోనివాళ్లు లేరు. అది చేసే పనులు ఎన్నో. "రెండే ఉన్నాయి" అంటే లెక్క తక్కువని. "ఇక్కడే ఉన్నాను" అంటే దూరం పోలేదని. "ఇప్పుడే వచ్చాను" అంటే ఎంతోసేపు కాలేదని. "నువ్వే కదా చెప్పావు" అంటే మరొకరి మీదికి నెట్టొద్దని. "అప్పుడే లేచావా" అంటే ఇంత తొందరగానా అని. "చదివితేనే పాసవుతావు" అంటే వేరే దారి లేదని. ఆరు పనులు, ఒక్క అక్షరం. ఇంగ్లీషు ఈ ఆరింటికీ వేరువేరు మనుషుల్ని పెట్టుకుంది: ఓన్లీ, రైట్, జస్ట్, గొంతు ఒత్తి పలకడం, ఆల్రెడీ, ఓన్లీ ఇఫ్. మన పిల్లాడి దగ్గర ఒకటే తాళంచెవి ఉంది, ఆరు తలుపుల్లోనూ అదే తిప్పుతున్నాడు.

ఈ తేడాను ఎంతో కాలం కిందటే మన దేశంలో ఒకాయన విడమర్చాడు. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ప్రమాణవార్తికంలో సంస్కృతం ఏవ శబ్దానికి మూడు పనులున్నాయన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణలు విల్లు, కలువ చుట్టూ తిరుగుతాయి. వాటిని మన వాడుకలో చెప్పుకుందాం. "విలుకాడంటే అర్జునుడే" అన్నామనుకోండి. ఇంకెవరూ కాదని అర్థం, అంటే మిగతావాళ్లను తోసేశాం. దీనికి అన్యయోగవ్యవచ్ఛేదం అని పేరు. "ఆయన విలుకాడే" అన్నామనుకోండి. ఎవర్నీ తోసెయ్యలేదు. ఆయనకు విల్లు పట్టడం రాదేమో అన్న అనుమానాన్ని మాత్రం తీసేశాం. ఇది అయోగవ్యవచ్ఛేదం. మూడోది, "నల్లకలువలు ఉంటాయా?" అంటే "ఉండనే ఉంటాయి" అనడం లాంటిది: అసలు ఉండవు అనే మాటను కొట్టెయ్యడం. పేర్లు నోరు తిరగనివే గానీ విషయం బల్ల మీద పెట్టినంత స్పష్టంగా ఉంటుంది. ఇంగ్లీషు ఓన్లీ చేసేది మొదటి పని. మన ఏ మూడూ చేస్తుంది. "హియర్ ఓన్లీ" అన్న కుర్రాడు చేసింది రెండో పని: నోట్సు తేలేదేమో అన్న నా అనుమానం తీర్చాడు. ఇంగ్లీషు మనిషి చెవికి మాత్రం అది మొదటి పనిలా వినిపిస్తుంది: నోట్సు ఇక్కడ మాత్రమే ఉంది, ఇంకెక్కడా లేదు. చిక్కంతా ఇక్కడుంది. వ్యాకరణం తప్పు అని ఎర్రసిరాతో గీత గీసేముందు మేష్టర్లం దీన్ని చూడాలి.

మరి బడిలో ఏం చెబుతున్నాం? ఓన్లీ అంటే మాత్రమే. అంతటితో సరి. 2020-21 నుంచి రాష్ట్రంలో ఇస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది. నాకు ఆ ఏర్పాటు నచ్చింది, ఇంటి దగ్గర తల్లి కూడా పక్క పేజీ చదివి చెప్పగలదు. కానీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏ తెలుగు పెడుతున్నామన్నది ముఖ్యం. మాత్రమే అనేది బోర్డుల తెలుగు. ఆర్టీసీ బస్సులో "స్త్రీలకు మాత్రమే" అని రాసి ఉంటుంది. బ్యాంకు చెక్కు మీద "అయిదువందల రూపాయలు మాత్రమే" అని రాస్తాం, ఇంగ్లీషులో రాసినా చివర ఓన్లీ పెడతాం, ఇంకో అంకె ఎవరూ చేర్చకుండా. ఇంట్లో ఏ తల్లీ "నీకు మాత్రమే పెట్టానురా" అనదు, "నీకే పెట్టానురా" అంటుంది. పిల్లాడు బడిలో విన్నది మాత్రమే, నోట్లో ఉన్నది ఏ. పుస్తకం ఒకదాన్ని నేర్పుతుంటే నాలుక ఇంకొకదాన్ని తర్జుమా చేస్తోంది.

ఇంకో మెలిక. మాత్రమే అన్న మాటను విప్పితే మాత్రము, ఏ. చివరన ఉన్నది ఆ ఏకారమే. ఆ ఏ తీసేసి చూడండి: "నేను మాత్రం రాను". ఇక్కడ ఎవర్నీ తోసెయ్యడం లేదు. మిగతావాళ్ల సంగతి నాకు తెలీదు, నా మటుకు నేను రాను అని. పదో తరగతి పిల్ల ఒకసారి దీన్ని "ఐ ఓన్లీ విల్ నాట్ కమ్" అని రాసింది. చదివినవాడికి అందరూ వస్తున్నారు, ఈమె ఒక్కతే రావడం లేదు అని తోస్తుంది. ఆ అమ్మాయి ఉద్దేశం అది కాదు. "యాజ్ ఫర్ మీ" అని ఒక మాట ఉందని చెప్పాక, "మా మామ్మ నా మట్టుకు నేను అంటాదండి, అదేనాండి?" అంది. అదే. పుస్తకం మాట కన్నా మామ్మ మాటే దగ్గరగా వచ్చింది.

ఈ పుస్తకం మాట, ఇంటి మాట గొడవ పాతదే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఈ ప్రాంతాలకు వచ్చిన జె.ఎ. యేట్స్‌కి బడిలో తెలుగు ఒకటి, బజార్లో తెలుగు మరొకటి కావడం అర్థం కాలేదు. ఆయన అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తి గారిని కదిలించింది, బజారు తెలుగే బడిలోకీ రావాలంటూ తర్వాత జరిగిన వ్యావహారిక ఉద్యమం మనకు తెలుసు. గిడుగు వారి వాదన తెలుగు పుస్తకాల్లోకి వచ్చింది. ఇంగ్లీషు నేర్పే చోటికి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదనిపిస్తుంది. ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పాల్సి వచ్చేసరికి మనం మళ్లీ గ్రాంథికానికి దగ్గరగా ఉండే మాటనే వెతుకుతున్నాం.

ఇప్పుడు తరగతుల వారీగా.

మూడు నుంచి అయిదు దాకా ఓన్లీకి ఏ బాధా లేదు. చేతిలో రెండు చాక్‌పీసులు పట్టుకుని "హౌ మెనీ?" అంటే "ఓన్లీ టూ" అంటారు. రెండే. లెక్క దగ్గర రెండు భాషలూ ఒకటే. ఇంగ్లీషు మాట పుట్టింది కూడా అక్కడే. ఒకటి అనే మాటకు తోక తగిలితే పాత ఇంగ్లీషులో ఓన్లీ అయింది, మనకు ఒక్క నుంచి ఒక్కటే వచ్చినట్టు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం మూడో తరగతి నుంచే టోఫెల్ తరహా పరీక్షలకు ఒప్పందం చేసుకున్నప్పుడు ఇంత చిన్నవాళ్లకెందుకని చాలామంది అన్నారు. పరీక్ష సంగతి పక్కన పెడితే, ఓన్లీ మొదలుపెట్టడానికి ఈ వయసే మంచిదని నా అభిప్రాయం. అంకెతో మొదలుపెట్టాలి, అంకెతోనే ఒక ఏడాది నడపాలి. ఓన్లీ వన్, ఓన్లీ త్రీ, ఓన్లీ టెన్ రుపీస్. అంకెకు ముందు నిలబడే అలవాటు నాలుకకు పడిపోతే తర్వాత సగం పని తగ్గుతుంది.

ఆరు, ఏడు, ఎనిమిది దగ్గర అసలు కథ. పిల్లలు వాక్యాలు సొంతంగా కట్టడం మొదలుపెట్టేది అప్పుడే. హియర్ ఓన్లీ, నౌ ఓన్లీ, హీ ఓన్లీ టోల్డ్, లైక్ దట్ ఓన్లీ, వరసగా వస్తాయి. ఇక్కడ నేను చాలా ఏళ్లు ఒక తప్పు చేశాను. వాక్యం విన్న వెంటనే "ఓన్లీ తీసెయ్" అనేవాణ్ణి. పిల్లలు తీసేసేవాళ్లు. "ఐ యామ్ హియర్." వాక్యం సరిగ్గా ఉంది, కానీ వాళ్లు చెప్పదలచింది పోయింది. ఏ ఉన్న చోట గొంతులో ఒక ఒత్తు ఉంటుంది, ఒక మొండితనం, ఒక భరోసా ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది చప్పిడి కూడు. పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడాలనిపించకపోవడానికి ఇదొక కారణమని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇప్పుడు తీసెయ్యమనను, మార్చమంటాను. ఇక్కడే అంటే రైట్ హియర్. ఇప్పుడే అంటే జస్ట్ నౌ. వాడే చెప్పాడు అంటే ఇట్ వజ్ హిమ్, లేదా హీ మీద గొంతు ఒత్తు. తెలుగువాడికి ఈ ఒత్తు అలవాటు చెయ్యడం కష్టం, ఎందుకంటే మనకు గొంతుతో చెయ్యాల్సిన పనంతా అక్షరం చేసిపెడుతుంది. పిల్లల చేత హీ టోల్డ్, హీ టోల్డ్ అని బల్ల మీద దరువేస్తూ అనిపిస్తాను. పక్కింటివాళ్లు ఏమిటా గోల అని అడిగిన రోజులున్నాయి.

కాలం తగిలినప్పుడు ఏ మరీ కొంటెగా ఉంటుంది. ఈ రెండు వాక్యాలు చూడండి. "నిన్ననే చెప్పాను కదా." "నాకు నిన్ననే తెలిసింది." రెంటిలోనూ నిన్ననే. మొదటిదాంట్లో అది తొందర: ఇంత ముందుగా చెప్పాను, నువ్వు వినలేదు. రెండోదాంట్లో ఆలస్యం: నిన్నటి దాకా నాకు తెలీదు. రెండోదాన్ని ఇంగ్లీషువాళ్లు కూడా ఓన్లీతోనే చెబుతారు, "ఐ ఓన్లీ ఫౌండ్ అవుట్ యస్టర్డే". మొదటిదాంట్లో ఓన్లీ పెడితే అర్థం తలకిందులవుతుంది. అక్కడ కావలసింది ఆల్రెడీ. తెలుగులో ఒకే మాట తొందరనీ ఆలస్యాన్నీ మోస్తుంటే, ఎటు తిప్పాలో క్రియ చెబుతుంది, సందర్భం చెబుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ రెండు వాక్యాలూ బోర్డు మీద పెట్టి ఒక్క ప్రశ్న వేస్తే చాలు: ముందరా, ఆలస్యమా? తప్పకుండా చెప్పేస్తారు. తెలుగు వాళ్లకు వచ్చు. వచ్చిన తెలుగుతో ఇంగ్లీషు మాటను ఎంచుకోవడం నేర్పాలి, అంతే.

ఇది పెద్ద విషయమా అంటే, ఒక సంగతి చెబుతాను. నా దగ్గర చదువుకున్న అమ్మాయి నర్సై ఇంగ్లండు వెళ్లింది. కొత్తలో డ్యూటీ మారేటప్పుడు రోగి కాగితంలో "టాబ్లెట్ గివెన్ మార్నింగ్ ఓన్లీ" అని రాసింది. పొద్దుటే ఇచ్చేశాం అని ఆమె మనసులో ఉంది. తర్వాత వచ్చిన నర్సు దాన్ని పొద్దున ఒక్కపూటే ఇవ్వాలి, రాత్రిది ఆపేశారు అని చదివింది. అనుమానమొచ్చి ఫోన్ చేసి అడిగింది కాబట్టి రాత్రి మోతాదు తప్పలేదు. సెలవుల్లో ఊరొచ్చినప్పుడు ఈ సంగతి చెప్పి, "మాస్టారూ, ఒక్క ఏ అండి" అంది.

తొమ్మిది, పది, ఇంటర్ దగ్గర పరీక్షల గొడవ మొదలవుతుంది. మన దేశంలో తరతరాలు చదివిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం వరసలో ఒక అభ్యాసం ఉంటుంది: ఓన్లీ తీసేసి అర్థం మారకుండా వాక్యాన్ని వ్యతిరేకంలోకి మార్చాలి. మనిషైతే నన్ బట్, వస్తువైతే నథింగ్ బట్, అంకెయితే నాట్ మోర్ దాన్. పిల్లలు దీన్ని ఎక్కం లాగా వల్లె వేస్తారు. నేను దీన్ని ఎప్పుడూ తీసిపారెయ్యలేదు. చూడబోతే ఇది ధర్మకీర్తి చెప్పిన మొదటి పనే, మిగతావాళ్లను తోసెయ్యడమే. దేవుడే కాపాడాలి అంటే దేవుడు తప్ప ఎవరూ కాపాడలేరు. ఇలా మార్చి చూస్తే అర్థం నిలబడిన చోట ఓన్లీ పనికొస్తుంది, నిలబడని చోట పనికిరాదు. "ఇక్కడేనండి"ని "ఇక్కడ తప్ప ఎక్కడా లేదండి" అని మార్చితే నవ్వొస్తుంది. అంటే అక్కడ ఓన్లీ వద్దు. మార్కుల కోసం పెట్టిన అభ్యాసం చేతిలో పరికరంగా మారుతుంది. పిల్లలకు ఈ పరీక్ష చెప్పే పుస్తకం నాకు తగల్లేదు, అందుకే నేను చెబుతాను.

ఈ మెట్టు మీదే ఓన్లీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కూడా వస్తుంది. స్వామివారి తీర్థం (జాతర) రోజులు దగ్గరపడ్డప్పుడు, ఫాల్గుణంలో, పిల్లల మనసంతా కొండ మీద ఉంటుంది. అప్పుడు ఒక వాక్యం రాశాను: "ది ప్రీస్ట్ గేవ్ మీ ఎ లడ్డూ ఆన్ ది హిల్." ఒక్కొక్కళ్లూ వచ్చి ఓన్లీని ఒక్కో సందులో పెట్టి, తెలుగు చెప్పాలి. ఒకడు మొట్టమొదట పెట్టాడు: పూజారి గారే ఇచ్చారు, ఇంకెవరూ ఇవ్వలేదు. ఒక పిల్ల "మీ"కి ముందు పెట్టింది: నాకే ఇచ్చారు, మా చెల్లికి ఇవ్వలేదు. ఇంకొకడు లడ్డూ ముందు: లడ్డూయే, పులిహోర లేదు. హిల్ ముందు ఆన్ దగ్గర పెట్టినవాడు: కొండ మీదే, కింద ఇవ్వలేదు. గేవ్ ముందు పెట్టిన పిల్ల కాస్త ఆలోచించి, "ఇచ్చారంతేనండి, దీవించలేదు" అంది. అయిదు చోట్లు, అయిదు అర్థాలు. అప్పుడు ఒక కుర్రాడు లేచి, "మనది తోకలాగ ఎనకాల ఉంటాదండి, ఈళ్లది ముందుంటాదండి" అన్నాడు. ఆ రోజు పాఠం అక్కడితో అయిపోయింది. నేను పది నిమిషాలు చెప్పబోయేదాన్ని వాడు ఒక్క ముక్కలో చెప్పాడు: తెలుగు ఏ మాటకు కుడి పక్క అతుక్కుంటుంది, ఇంగ్లీషు ఓన్లీ ఎడమ పక్క నిలబడుతుంది.

ఇంగ్లీషువాళ్లలో కూడా దీని మీద పెద్ద పోట్లాటే జరిగింది. ఏ మాటను ఉద్దేశించామో దాని ముందే ఓన్లీ ఉండాలని పట్టుబట్టిన వ్యాకర్తలున్నారు. 1926లో ఫౌలర్ తన వాడుకల నిఘంటువులో ఇది అతి అన్నాడు. జనం క్రియ ముందు పెట్టి, గొంతుతో అర్థం చెప్పుకుంటున్నారు, అర్థం చెడనప్పుడు అభ్యంతరం ఎందుకన్నది ఆయన వాదన. రెన్ అండ్ మార్టిన్ కూడా రాతలో మాటకు ముందు పెట్టమని, మాటల్లో మాత్రం క్రియ ముందు పెట్టడం మామూలేనని ఒప్పుకుంది. నా సలహా ఇంటర్ దాకా ఒకటే: రాసేటప్పుడు మాట పక్కనే, ఎడమ వైపు. డిగ్రీలో గొంతు పట్టుబడ్డాక క్రియ ముందుకు జరుపుకోవచ్చు.

ఎడమ వైపు నిలబెట్టడం మనకు రానిది కాదు. తీర్థంలో బొమ్మలమ్మే మనిషి "ఓన్లీ వంద రూపాయలేనమ్మా" అని అరుస్తాడు. హోటల్లో "ఓన్లీ ఇడ్లీయేనండి, వడ అయిపోయింది" అంటారు. తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషు మాట వాడినప్పుడు ఓన్లీ ఎడమ పక్క సరిగ్గా వచ్చి నిలబడుతుంది, కుడి పక్క మన ఏ కూడా ఉంటుంది. మాటను రెండు చేతులతో పట్టుకున్నట్టు. ఇదే మనిషి పూర్తి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి కుడి పక్క ఖాళీ అయిపోయిందని కంగారుపడి, ఓన్లీని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెడతాడు. ఈ ఒక్క గమనింపు నాకు తరగతిలో ఎంతో పనికొచ్చింది. ముందు "ఓన్లీ ఆదివారమే" అనిపిస్తాను. తర్వాత "ఓన్లీ సండే". ఏ రాలిపోతుంది, ఓన్లీ కదలదు.

డిగ్రీ మెట్టు మీద ఓన్లీ కొత్త వేషాలు వేస్తుంది. ఐరోపా కౌన్సిల్ 2001లో ప్రకటించిన, భాష ఎంత వచ్చో చెప్పే ఆరు మెట్ల కొలతలో పై మెట్లు ఎక్కాలంటే ఇవి రావాలి. మన తెలుగులో వీటన్నిటికీ దీటైన మాటలున్నాయి, అవి చెబితే కంఠస్థం పెట్టాల్సిన పని ఉండదు. "కొండంతా ఎక్కాను, తీరా చూస్తే తలుపులు మూసి ఉన్నాయి" అన్నదాంట్లోని తీరా చూస్తే, వాళ్ల "ఓన్లీ టు ఫైండ్". "వద్దామనే ఉంది, కాకపోతే టైము లేదు" లోని కాకపోతే కూడా వాళ్లకు ఓన్లీయే. "వస్తావా?" అంటే "అంతకన్నానా!" అనడం, "ఓన్లీ టూ హ్యాపీ". ఒక్కగానొక్క కొడుకు, "ది ఓన్లీ సన్". ఇఫ్, ఓన్లీ కలిసినప్పుడు మటుకు జాగ్రత్త కావాలి. "వాన పడితేనే నాట్లు" అంటే ఓన్లీ ఇఫ్. "వాన పడి ఉంటే ఎంత బాగుండేది" అంటే ఇఫ్ ఓన్లీ. మాటలు రెండే, చోట్లు మారాయి. ఒకటి షరతు, ఒకటి నిట్టూర్పు. మెట్ట రైతు ఇంట్లో పుట్టిన పిల్లలకు ఈ రెంటి తేడా ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, ఏ ఏడు ఏ వాక్యం ఇంట్లో వినపడిందో వాళ్లకు గుర్తే. ఓన్లీ ఇఫ్ వాక్యం ముందుకొస్తే తర్వాత క్రియ, కర్త తారుమారవుతాయన్నది ఒక్కటే కొత్తగా నేర్చుకోవాల్సింది.

ఇంతకీ "హియర్ ఓన్లీ" తప్పా? ఈ ప్రశ్న పండితులు కూడా వేసుకున్నారు. రాకేశ్ భట్ 2000లో, క్లాడియా లాంగే 2007లో భారతీయ ఇంగ్లీషు మీద రాసిన వ్యాసాల్లో దీన్ని తప్పుల పట్టికలో వెయ్యలేదు, ఇక్కడి ఇంగ్లీషుకు ఉన్న ఒక పద్ధతిగా చూశారు. హిందీలో హీ ఉంది, తమిళంలో తాన్ ఉంది, కన్నడంలో మనలాగే ఏ ఉంది. ఇన్ని భాషలవాళ్లు ఒకేలా మాట్లాడితే అది పద్ధతే అవుతుంది. రమా బిజాపూర్కర్ 2007లో మన వినియోగదారుల మీద రాసిన పుస్తకానికి "వియ్ ఆర్ లైక్ దట్ ఓన్లీ" అనే పేరు పెట్టారు, దేశమంతా అర్థమైంది. నాకు భట్, లాంగేల మాట సబబుగా ఉంది. కోరుకొండ కుర్రాడు కోయంబత్తూరు కుర్రాడితో "హియర్ ఓన్లీ" అంటే ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు, మేష్టరు మధ్యలో దూరక్కర్లేదు. కానీ ఆ నర్సమ్మాయి కాగితం నా కళ్ల ముందుంది. అందుకని మాటల్లో మార్కులు కొయ్యను, రాతలో వదలను. దేశం దాటేవాళ్లకు, మందులూ లెక్కలూ ఒప్పందాలూ రాసేవాళ్లకు, తోసెయ్యడానికి తప్ప ఓన్లీ వాడొద్దని గట్టిగా చెబుతాను. ఇది నోటి మాటను చులకన చెయ్యడం కాదని కూడా చెబుతాను, ఎందుకంటే పిల్లలు ఇంగ్లీషు దగ్గర సిగ్గుపడినంతగా ఇంకెక్కడా సిగ్గుపడరు.

మేష్టర్లకు నేను అడిగేది కొంచెమే. నోట్సులో ఓన్లీ పక్కన మాత్రమే అని ఒక్కటీ రాయించకుండా, ఏ ఉన్న ఇంటి వాక్యాలు ఓ పది రాయించండి. ఒక్కోదాన్ని "తప్ప లేదు" పెట్టి చూడమనండి. నిలబడితే ఓన్లీ, లేకపోతే రైట్, జస్ట్, ఆల్రెడీ, గొంతు. రెండు పీరియడ్ల పని.

పోయిన నెలలో ఒక సాయంత్రం ఇంటర్ పిల్ల ఆలస్యంగా వచ్చి, గుమ్మంలోనే పక్కదాంతో నవ్వుతోంది. "వచ్చిందే లేటు, మళ్లీ నవ్వొకటా?" అన్నాను. ఆ పిల్ల కూర్చోకుండా, "సార్, ఈ ఏని ఇంగ్లీషులో ఎలా పెట్టాలండి?" అని అడిగింది. మొత్తం తరగతి వంగి కూర్చుంది. తప్ప లేదు పెట్టి చూశాం, నిలబడలేదు. ఆల్రెడీ పెట్టాం, దగ్గరగా వచ్చింది గానీ విసుగు పలకలేదు. జస్ట్ అసలు కుదరలేదు. కరెంటు పోయింది, సెల్‌ఫోన్ల వెలుగులో ఇంకో రెండు రాసి కొట్టేశాం. బోర్డు తుడవకుండా ఇళ్లకు వెళ్లాం. మర్నాడు ఆ పిల్ల అందరికన్నా ముందొచ్చి, కొట్టేసిన వాక్యాల కింద రాసిపెట్టింది: "యు ఆర్ లేట్ యాజ్ ఇట్ ఈజ్."